మొరాయించని రివాల్వర్

ఓపల్ సంచిలో మూడో స్వెట్టర్ పెట్టింది. కర్టిస్ దాన్ని తీసి కుర్చీ మీద వేశాడు.

"అన్నెందుకమ్మా?"

"చలికాలమంతా కొండ మీదే ఉంటానంటివి. రెండు చొక్కాలతో గడుస్తుందా?"

"గడిచినంతవరకు గడుస్తుంది."

ఆమె పీచ్ పండ్ల సీసాలు పెట్టింది. బరువంటూ వాటినీ తీసేశాడు.

మూతపడిన వేట బంగళాకు కాపలా పని. మంచు కరిగేదాకా అక్కడ అతనొక్కడే. నిరుడు భార్య పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. ఈ ఏడు ఆపిల్ తోట చేజారింది. వేట తుపాకులు ఎప్పుడో అమ్మేశాడు. కుక్కనైనా తోడు తీసుకెళ్లమంటే, నిన్ననే పక్క తోటవాళ్లకు ఇచ్చేశానన్నాడు.

"నాన్న రివాల్వర్ ఇవ్వు. అదొక్కటి చాలు."

ఓపల్ చేయి సంచిలోనే ఆగింది. భర్త లైల్ పోయిన దగ్గర్నుంచి అది పై అరలో, పిండి డబ్బా వెనకే ఉంది.

"అది పాతదిరా. ఐదు తూటాలే పడతాయి. దారిలో డెల్బర్ట్ తుపాకుల కొట్టులో ఇచ్చేసి కొత్తది తీసుకుందాం. నేనూ వస్తా."

కర్టిస్ ఆమెను వింతగా చూశాడు. రొట్టె సంచులు కడిగి ఆరేసి మళ్లీ వాడే మనిషి. ముప్పై ఏళ్ల నాటి టోస్టర్‌ను ఇప్పటికీ మార్చనివ్వదు.

"దానికేమైందమ్మా? ఎప్పుడైనా మొరాయించిందా?"

"మొరాయించలేదు," అంది ఓపల్. "కానీ అక్కడ కొండసింహాలున్నాయి. నా మాట విను."

డెల్బర్ట్ కొట్టులో పొయ్యి చుట్టూ ఇద్దరు ముసలాళ్లు కాఫీ తాగుతున్నారు. డెల్బర్ట్ లైల్‌కు చిన్ననాటి స్నేహితుడు. ఆ రివాల్వర్ అమ్మిందీ అతనే. గుడ్డ విప్పి దాన్ని చూడగానే అతని ముఖంలో నవ్వు పోయింది.

"మార్పిద్దామని," అంది ఓపల్. అతని కళ్లలోకే చూస్తూ అంది.

"నువ్వే చెప్పు డెల్ బాబాయ్, ఇంత నమ్మకమైంది మళ్లీ దొరుకుతుందా?" అన్నాడు కర్టిస్.

డెల్బర్ట్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "దొరకదనే అనేవాణ్ణి. కానీ స్ప్రింగ్ అలిసిపోయిందిరా అబ్బాయ్. అవసరానికి దీన్ని నమ్ముకోలేం." వెంటనే దాని నంబరు పుస్తకంలో రాసేసి, లోపలి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

కర్టిస్ విసుగ్గానే ఒక కొత్తదాన్ని ఎంచుకున్నాడు. కాగితాల మీద సంతకాలు పెట్టాడు. చేయి చాచాడు.

"ఇప్పుడు కాదు," అన్నాడు డెల్బర్ట్. "తుపాకీ ఎవరికిచ్చినా ముందు పై నుంచి అనుమతి రావాలి, అది చట్టం. రెండు వారాలు."

"రెండు వారాలా! అయితే నాకు కొత్తది వద్దు. మా నాన్నది ఇచ్చెయ్."

"అది పుస్తకంలోకి ఎక్కిపోయింది. తిరిగివ్వాలన్నా అదే గడువు. నా చేతుల్లో లేదురా."

పొయ్యి దగ్గర ఒక ముసలాయన పకపకా నవ్వాడు. "ఓపల్ తెలివి చూశారా! ఈ రాష్ట్రంలోనే పుట్టి పెరిగి, గడువు సంగతే మరిచిపోయింది. సింహాలున్న కొండకు కొడుకుని ఒట్టి చేతులతో పంపిస్తోంది!"

"కాఫీ చెంచా ఒకటి చేతికిచ్చి పంపు," అన్నాడు రెండో ఆయన.

ఓపల్ తల దించుకుంది. "పెద్దదాన్నయ్యాను. బుర్ర పనిచేయడం లేదు," అంది.

బయట కర్టిస్ సంచిని ట్రక్కులో విసిరేశాడు. "నీ పుణ్యమా అని ఒట్టి చేతులతో పోతున్నాను."

"రెండు వారాలే కదరా. ఆ శనివారం కిందికి దిగు. ఇద్దరం కలిసి తీసుకుందాం. కోడి పులుసు వండుతాను, నీకిష్టమైనట్టు పిండి ఉండలు వేసి."

అతను ట్రక్కెక్కి తలుపు వేసుకున్నాడు.

"వస్తావా?"

"చూద్దాం."

"చూద్దాం కాదు. నువ్వు స్వయంగా రాకపోతే ఇవ్వరు. చెప్పు, వస్తావా?"

కర్టిస్ తాళం తిప్పి ట్రక్కు స్టార్ట్ చేశాడు. "ఉండలు మెత్తగా చెయ్యి. పోయినసారి రాళ్లలా ఉన్నాయి," అన్నాడు చివరికి.

ట్రక్కు కొండదారి ఎక్కి మలుపు తిరిగింది. ఎవరు గుమ్మం దాటినా తిరిగొచ్చేదాకా కిటికీ వదలని మనిషి ఓపల్. దుమ్ము అణిగిపోయాక కూడా అక్కడే నిలబడింది. డెల్బర్ట్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"స్ప్రింగ్ బాగానే ఉంది ఓపల్."

"నాకు తెలుసు."

"రెండు వారాలు సరిపోతాయా?"

"తెలియదు. ఆ శనివారం ఆ కొత్తది నాకు నచ్చలేదంటాను. ఇంకోటి చూపించు. మళ్లీ కాగితాలు రాయించు."

డెల్బర్ట్ తలూపాడు. ఓపల్ చలికి కోటు దగ్గరికి లాక్కుంది. కళ్లు మాత్రం మలుపు మీద నుంచి తీయలేదు.

పదకొండేళ్ల కిందట, ఈస్టర్ మర్నాడు, ఆ రివాల్వర్ జేబులో వేసుకుని ఆపిల్ కొట్టంలోకి వెళ్లిన లైల్ తిరిగి రాలేదు.