మూడో డబ్బా

"మళ్లీ తక్కువే ఉంది. ఇరవై నాలుగు గంటల మూత్రం కాదిది," అంది నిజామాబాద్ ల్యాబ్ అమ్మాయి. "మీ కిడ్నీలు రక్తాన్ని ఎంత వడపోస్తున్నయో తెల్వకుంటే, మీ తమ్మునికి కిడ్నీ ఇయ్యనియ్యరు."

అఖిలకు ఒళ్లు మండిపోయింది. ఇది మూడోసారి.

"పసుపు తవ్వేకాడికి గూడ డబ్బ మోసుకపోయిన! ఆడోళ్లందరు నవ్విండ్రు. ఒక్క సుక్క కింద పోనియ్యలే!"

తమ్ముడు దేవిదాస్ తల వంచుకున్నాడు. "పోనియ్ అక్క. నీకు పిల్లలున్నరు. నా డయాలసిస్ నడుస్తనే ఉంది గద."

"నోర్మూయ్! పొద్దుగాల ఇంటికాడ నిండుగ ఉండె. బోధన్ నుంచి గీడికి వచ్చేసరికి ఏమైతది?"

అంటూనే ఆగిపోయింది.

మూడుసార్లూ దారిలో చెరకు తోట దగ్గర బండి ఆపాడు దేవిదాస్. "ఒంటికి పోయొస్త. డబ్బ ఎండల ఉండొద్దన్నరు, నీడకు పెడ్త," అంటూ డబ్బా పట్టుకునే తోటలోకి వెళ్లాడు.

ఆరు నెలలుగా వాడికి చుక్క మూత్రం రావడం లేదు.

అఖిల తమ్ముడి వైపు చూడలేదు.

"ఇంకో డబ్బ ఇయ్యమ్మ," అంది. "ఈసారి నేనొక్కదాన్నే బస్సుల వస్త."