ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి

"ఈ కాగితాలన్నీ మైకులో చదవాలాండీ?" అన్నాడు వెంకటస్వామి, ఆటోలోంచి దిగకుండానే.

"అక్షరం వదలకూడదు," అన్నాడు వీసీ నరసింహమూర్తి. "కష్టకాలంలో విశ్వవిద్యాలయ కుటుంబానికి నా సందేశం. నాలుగే పేజీలు."

"రెండో పేజీకే ఊరు దాటిపోతానండి. ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి. నా బండికి ఈ మూడూ చాలండి. జనం పనులు మానుకుని వస్తారు."

గేటు దగ్గర ఊడుస్తున్న బుల్లెమ్మ చీపురు ఆపింది. "అయ్యగారూ, ఈ బండి..."

"నువ్వాగమ్మా."

ఆ ఏడు వరదకి గోదారి అడ్మిషన్ లేకుండానే లోపలికొచ్చి, పదకొండు రోజులు లైబ్రరీలో కూర్చుని, ఉన్న పుస్తకాలన్నీ నమిలేసి పోయింది. కెమిస్ట్రీ ల్యాబులో దొరికిన కొర్రమీను ప్రాక్టికల్స్ కూడా పాసైందని ఊళ్లో చెప్పుకున్నారు. నీళ్లు పోయాయి గాని పిల్లలు తిరిగి రాలేదు. సోమవారం పదిన్నరకి క్లాసుల్లో మూడొందల మంది కనబడకపోతే తాళం వేసేస్తామని యాజమాన్యం తేల్చి చెప్పింది.

నరసింహమూర్తి కర్నూలు నుంచి వచ్చి ఏడాదైంది. ఆయన గొంతు ఎలా ఉంటుందో పిల్లలకి తెలియదు. ఏం చెప్పాలన్నా రాసేవాడు. వరద మొదలైన దగ్గర్నుంచి వాట్సాప్ గ్రూపులో నలభై సందేశాలు పెట్టాడు. అన్నింటిలోనూ 'అధైర్యపడకండి' అని ఉంది. ఒక్కొక్కరే చదివి, ఒక్కొక్కరే గ్రూపులోంచి జారుకున్నారు.

"ఇప్పుడందులో మీరూ నేనూ మిగిలేమండి," అంది బుల్లెమ్మ మొన్న. "నాకా చదువు రాదు."

అలాంటి రోజుల్లో కొత్తపేట వెళ్తే ఈ ఆటో కనబడింది. మైకు వినగానే వంటింట్లో ఆడవాళ్లూ, చెట్టెక్కిన మగాళ్లూ వీధిలోకి వచ్చేయడం కళ్లారా చూశాడు. ఆ మైకులో ఏం చెబుతున్నాడో దూరానికి వినబడలేదు. వినబడాల్సిన అవసరమూ కనబడలేదు. వెంటపడి మాట్లాడుకొచ్చాడు.

"పిల్లలు ఖాయంగా వస్తారా?" అని ఇప్పుడు గేటు దగ్గర మళ్లీ అడిగాడు.

"పదేళ్ల నుంచి తిప్పుతున్నానండి, జనం రాకపోవడం లేదు. ఒకసారి చెప్పించుకున్నోళ్లకి రెండోసారి అవసరం పడలేదండి. కాకపోతే ఎప్పుడూ ఇంట్లోవాళ్లు వస్తారు. పెద్దోళ్లు తమరే స్వయంగా వచ్చి మాట్లాడుకోవడం ఇదే మొదలండి."

నరసింహమూర్తి మురిసిపోయాడు. "నాకు హోదా పట్టింపు లేదయ్యా. పిలిచింది ఎవరో తెలియాలిగా, నా ఫొటో కూడా పెట్టు."

"ఆయ్. ముందర ఫ్రేము రెడీగానే ఉంటుందండి."

"ఫొటో వద్దండయ్యగారూ!" బుల్లెమ్మ కేకేసింది.

"ప్రతిదానికీ అడ్డం రాకమ్మా! యూనివర్సిటీ మూతపడితే పోయేది నీ ఉద్యోగం కూడానూ."

బుల్లెమ్మ మళ్లీ ఊడ్చుకోవడం మొదలెట్టింది.

ఆటో రెండు రోజులు రాజోలు నుంచి ఉప్పలగుప్తం దాకా తిరిగింది. ఆదివారమంతా ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. నరసింహమూర్తే ఎత్తాడు.

"నిజమేనాండీ?"

"నిజమే. పదింటికల్లా వచ్చేయండి."

మొదటివాడు అంతే అడిగి పెట్టేశాడు. రెండోవాడూ అంతే. రెబెకా అనే ఎమ్మెస్సీ అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది.

"మనమంటే ఇంత ప్రేమ ఉందని నాకే తెలియదు," అన్నాడు ఫోను పెట్టి.

సోమవారం పదింటికి యాజమాన్యం మనిషి తాళంకప్పతో సహా వచ్చి వీసీ గదిలో కూర్చున్నాడు. అప్పటికే జనం. మూడొందలు కాదు, వెయ్యి దాటారు. సఖినేటిపల్లి నుంచి పిల్లలతో తల్లిదండ్రులు కూడా వచ్చారు. ఒక్కరి భుజానా పుస్తకాల సంచి లేదు. చెప్పులు గేటు బయటే విడిచి, గుసగుసగా తప్ప మాట్లాడకుండా, మెట్ల దగ్గర వరసగా నిలబడ్డారు.

"క్లాసుల్లోకి ఒక్కడూ వెళ్లడేంటండీ?" యాజమాన్యం మనిషి వాచీ చూసుకున్నాడు. పది ఇరవై.

"వెళ్తారు. ముందు నన్ను చూడాలని ఆగారు."

నరసింహమూర్తి కిటికీ రెక్క కొద్దిగా తీసి చూశాడు. అందరి చేతుల్లోనూ పూలదండలున్నాయి. ఆయన కళ్లు చెమర్చాయి.

"నాకీ సన్మానాలెందుకు చెప్పు బుల్లెమ్మా?" అని గది ఊడుస్తున్నామెని అడిగి, జుట్టు సర్దుకుని తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

బుల్లెమ్మ చీపురు గోడకి ఆనించి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఇప్పుడైనా చెప్పనిస్తారాండీ?"

ఏడాదిలో మొదటిసారి ఆయన ఆగాడు. "చెప్పమ్మా."

"ఆ బండి చావు కబుర్లకే తిరుగుద్దండి."