తలవంపుల స్తంభం

“అలాంటిది నేను చెక్కను. ఇంకెవరినైనా చూసుకో,” అన్నాడు హోరస్, చేతిలో బాడిస దించకుండానే.

గుమ్మంలో నిలబడ్డ లీవై వానకి తడిసి ముద్దయ్యాడు. పక్క దీవి నుంచి పడవేసుకుని వచ్చాడు. హోరస్ అతన్ని చూడటం ఇదే మొదలు. అయినా అలాస్కా తీరాన ఉండే మా ట్లింగిట్ తెగలో వరస కలపడానికి పరిచయాలెందుకు? లీవైది కాకి వంశం, హోరస్‌ది గద్ద వంశం. కాకులకి గద్దలంతా బావలే.

“ఇంకెవరున్నారు బావా? మా స్తంభం మీ వంశంవాళ్ళే చెక్కాలి కదా.”

“పోయిన మీ మేనల్లుడి పేరున చెక్కమను, ఇవాళే దుంగ దొర్లిస్తాను. బతికున్న మనిషి మొహం తలకిందులుగా చెక్కి, వాడింటి ముందే పాతడమా? అది మా తాతల నాటి పని. రోజూ ఊరు నవ్వుతుంటే ఆ మనిషి ఏమైపోవాలి?”

“ఏమైపోతే నీకెందుకు? గాలి తిరిగింది, వద్దురా అని ఊరంతా మొత్తుకుంది. వినకుండా పిల్లాణ్ణి పడవెక్కించాడు. తిరిగి తనొక్కడే వచ్చాడు.”

“సముద్రం తీసుకుపోతే మనిషినేమంటాం బావా?”

“నువ్వూ అదే పాటా? తిట్టేవాడు లేడు, కొట్టేవాడు లేడు. మా చెల్లెలు, కన్నతల్లి, అదైనా వాడి మొహాన ఉమ్మెయ్యొద్దూ? పొగబెట్టిన చేప గిన్నెలో పెట్టి పంపిస్తోంది వాడికి. తిన్నాడా లేదా అని మళ్ళీ కబురొకటి.”

మాలో పిల్లాణ్ణి మనిషిని చేసేది తండ్రి కాదు, మేనమామ. మేనల్లుడు పోయాడంటే కన్నకొడుకు పోయిన దానికన్నా ఎక్కువే. ఆ దుఃఖంతో వచ్చినవాణ్ణి హోరస్ ఇంకెంతసేపు కాదనగలడు? బాడిస కింద పెట్టాడు.

“లోపలికి రా. ఏం చెక్కమంటావు?”

“మొహం ఒక్కటే. తలుపు తీస్తే చాలు, వాడికి ఎదురుగా కనపడాలి.”

“మీ చెల్లెలికి తెలుసా?”

“చెబితే రానిస్తుందా?”

“ఇంత కక్ష మంచిది కాదు బావా. నాలుగు రోజులు పోతే నువ్వే జాలిపడి పీకేస్తావు.”

“పీకను. పుచ్చిపోయి దానంతటది కూలేదాకా అక్కడే ఉంటుంది.”

హోరస్ నిట్టూర్చి, అట్టముక్క మీద గీయడానికి బొగ్గు తీసుకున్నాడు. “చూడని మనిషి మొహం నేనెలా చెక్కేది? వాడి ఫొటో ఏదైనా తెచ్చావా?”

లీవై తడి టోపీ తీసి, జుట్టు వెనక్కి దువ్వుకుని, స్టూలు కిటికీ వెలుగులోకి లాక్కుని, హోరస్‌కి ఎదురుగా కదలకుండా కూర్చున్నాడు.