మట్టి నమూనా

డెబ్బై ఒకటి యుద్ధంలో ఫైటర్ విమానంతో సహా గల్లంతైన శాలేమురాజుకు ఇన్నాళ్ళకు రేపల్లె సెంటర్లో విగ్రహం పెడుతున్నారు. పోత పోసేముందు మట్టి నమూనా చూసి సరే అనాలని, ఆయన భార్య కరుణశ్రీని విగ్రహ కమిటీ అధ్యక్షుడు తన కారులో తెనాలిలోని శిల్పి దగ్గరికి తీసుకొచ్చాడు.

మట్టి శాలేమురాజుకు ఇరవై ఏడేళ్ళు. మీసం మాత్రం అచ్చం అధ్యక్షుడిదే.

"సార్ ముఖం ఎవడు మర్చిపోతాడండి! కళ్ళు మూసుకుని గుర్తుపడతాను," అన్నాడు యుద్ధమైన నాలుగేళ్ళకు పుట్టిన అధ్యక్షుడు. అంతలో, బాపట్లలో వేయిస్తున్న ఫ్లెక్సీలో తన ఫోటో చిన్నదైందని ఫోనొస్తే, అరుచుకుంటూ బయటికి వెళ్ళాడు.

కరుణశ్రీ శిల్పి దగ్గరికి జరిగింది.

"బాబూ, ఆయన చనిపోయాడని ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు ఎనభై ఒకటి ఉంటాయి. ఆ వయసుకి తగ్గట్టు దిద్దుతావా?"

శిల్పి చేతులు తడి చేసుకున్నాడు. తర్వాత మీసం ఒలిచేశాడు. బుగ్గలు లోపలికి నొక్కి, నుదుటి మీద గీతలు గీశాడు. ఆమె తడిగుడ్డ అందిస్తూ, "ఎడమ కనుబొమ మీద మచ్చ ఉంటుంది. అది ముసలితనంలోనూ పోదు," అంది.

అరగంటకు అధ్యక్షుడు లోపలికొచ్చి శిల్పి మీద విసుక్కున్నాడు.

"మా వీరుడి తల ఏదయ్యా? ఎవరీ ముసలాయన?"

"ఆయన మన స్టేషన్లో రైలు దిగితే మీరేమంటారో చూద్దామనండి," అంది కరుణశ్రీ.