గెలిచిన మిఠాయి

కొత్త పెళ్ళికూతురు కలైసెల్వి, కోవిల్‌పట్టి లాడ్జి మేడమీది పేకాట గదిలోకి విసురుగా వచ్చింది.

"దుడ్డు పెట్టి ఆడతాండావా మామా? అట్లయితే ఇప్పుడే అరుప్పుకోట్టై బస్సెక్కి మా అమ్మింటికి పోతా!"

సెల్వరాజ్ పేకముక్కలు జారవిడిచాడు. "అయ్యో, ఇక్కడ కడలమిఠాయే పందెం పిల్లా! దినమూ గెలిచి నీకు తెస్తాండా కదా?"

లాడ్జి యజమాని దామోదరసామి పడీపడీ నవ్వాడు. "గెలిచా? ఈ లాడ్జి తెరిచిన నాటినుంచీ మనూరోళ్ళంతా ఇక్కడ్నే ఆడతాండారు. నీ మొగుడి మాదిరి ఓడేవోణ్ణి ఎన్నడూ చూడలేదమ్మా!"

"మరి దినమూ తెచ్చే ఆ శెనక్కాయల మిఠాయి పొట్లం?"

సెల్వరాజ్ చెవులు ఎర్రబడ్డాయి. "కింద అంగట్లో కొంటి."

కలైసెల్వి కొంగు నోటికడ్డం పెట్టుకుని కిలకిలా నవ్వింది. అతని పక్కనే చాపమీద చతికిలబడి ముక్కలందుకుంది.

"జరుగు మామా. ఇంక నేను గెలుస్తా, నువ్వు తిను."