నకలు ముగిసే చోటు

"మళ్ళీ చెయ్యమ్మా," అంటూ ప్రొఫెసర్ తన పరిశోధక విద్యార్థిని కాగితాలు వెనక్కి తోశారు. ఇది నాలుగోసారి.

బాక్టీరియాలో క్రోమోజోము గుండ్రంగా ఉంటుంది. దాని నకలు ఒకచోట మొదలై, రెండువైపులా సాగి, ఎప్పుడూ ఒకే చోట ముగుస్తుందన్నది ఆయనకు పేరు తెచ్చిన సిద్ధాంతం. ఆమె చూసిన కణాల్లో మూడోవంతులో మాత్రం అది వేరేచోట ముగిసింది.

ఆయన సంతకం లేనిదే థీసిస్ గది దాటదు. ఏడేళ్లుగా కిటికీ లేని ఆ ల్యాబే ఆమె లోకం. ఒక్క అంకె దిద్దితే బయటపడొచ్చు.

"ఎన్నిసార్లు చేసినా ఇదే వస్తోంది సార్. మానేసి వెళ్లిపొమ్మంటే పోతాను గానీ, దిద్దను," అందామె.

ఆయన సొరుగులోంచి ఓ పాత నోటుబుక్కు తీసి ఆమె ముందు తెరిచారు. అందులోనూ మూడోవంతు అనే ఉంది. దాన్ని కొట్టేసి పైన సున్నా రాసి ఉంది. చేతిరాత ఆయనదే.

"అప్పుడు నాకూ పరిశోధనలో ఏడో ఏడే. మా గురువుగారు ఒప్పుకోలేదు, నేను దిద్దేశాను. దీన్ని కూడా నీ థీసిస్‌కి జతచెయ్యి," అంటూ సంతకం పెట్టారు.

ఆమె నోటుబుక్కు మూసి తన కాగితాల మీద పెట్టుకుంది.

"నాలుగుసార్లు తిప్పి పంపింది, నువ్వూ దిద్దేస్తావన్న ఆశతోనేనమ్మా. ఎవరైనా అదే చేస్తారులే అనుకుని నిశ్చింతగా రిటైరయ్యేవాణ్ణి."