తడిపి చూసిన తాడు

గోడ పొడవునా తాళ్ల చుట్టలు. పురికొస మొదలు మణికట్టంత మోకు దాకా, ఫొటోకి నిలబడ్డ ఉమ్మడి కుటుంబంలా ఉన్నాయి.

వాటి ముందు భార్యాభర్తలు తాడోపేడో తేల్చుకుంటున్నారు. పేడు సంగతి తర్వాత, ముందు తాడే తేలడం లేదు.

"ఎనిమిది మిల్లీమీటర్లు," అంది భార్య, చేతిలో చీటీ చూస్తూ. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పిన మనిషి. "టన్ను బరువైనా ఆగుతుంది. మన పాతదీ ఎనిమిదే."

"పన్నెండు," అన్నాడు భర్త.

"ఏనుగును కట్టేస్తారా?"

"నన్ను కట్టుకున్నావుగా, ఇంకో ఏనుగెందుకు?"

కొట్టావిడ నవ్వు దాచుకోవడానికి చుట్టలు సర్దింది.

వాళ్లది ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ. ఇరవై రెండేళ్లుగా అతనిది చుక్కాని, ఆమెది చాపతాడు. గాలిని బట్టి తెరచాపను లాగి పట్టేదీ, వదిలేదీ ఆమే. గాలి కబుర్లు అతను చెప్పేవాడు, గాలి సంగతి ఆమె చూసుకునేది.

పోయిన నెల ఆ తాడు ఆమె చేతిలోంచి జారింది. పడవ ఒక పక్కకి ఒరిగి, ఎలాగో నిలబడింది.

"తాడు అరిగిపోయింది," అంది ఆమె ఒడ్డుకొచ్చాక.

"అరిగిపోయింది," అన్నాడతను.

తాడు నిక్షేపంలా ఉందని ఇద్దరికీ తెలుసు. ఆమె వేళ్ల మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎవరూ అంటే, ఉన్నదే ఇద్దరు.

అందుకే ఇప్పుడీ కొత్త తాడు.

"తమ్ముడితో మాట్లాడాను," అంది ఆమె. "వచ్చే ఆదివారం నుంచి నా బదులు వాడొస్తాడు. వాడి చేతులకి ఎనిమిది చాలు. నాకు ఇంట్లో పనుంది."

"ఏం పని?"

"ఉంది."

ఇరవై రెండేళ్లలో ఏ ఆదివారమూ లేని పని. బావమరిది మంచివాడే. కానీ ఇతని జోకులకు నవ్వుతాడు. విసుక్కోవడం వాడికి చేతకాదు.

భర్త గొంతు సవరించుకున్నాడు. "అసలు సంగతి చెప్పనా? నా చేతులే బాగాలేవు. సన్నటి తాడైతే జారిపోతోంది."

"మీరెప్పుడు పట్టుకున్నారు దాన్ని?"

"ఇకమీదట అప్పుడప్పుడూ పట్టుకుందామనీ..."

కొట్టావిడ ఇద్దరి చేతుల వంకా చూసింది.

"పొడిపొడి మాటలతో తేలదు అన్నగారూ, తడిపి చూడాలి," అంటూ నీళ్ల బకెట్టు ముందుకు లాగింది. ఆ కొట్లో పద్ధతే అంత. తడి తాడు లాగి చూడందే ఎవరికీ అమ్మదు. ఎనిమిది, పది, పన్నెండు ముక్కలు ముంచి తీసి, ఒక కొస తను పట్టుకుంది.

ఎనిమిదిని ముందు భర్త లాగాడు. జారింది. నిజానికి వదిలాడు. అదీ సరిగ్గా కుదరలేదు, "అమ్మో" ముందొచ్చి తాడు తర్వాత జారింది.

"తాడు కంటే నటనే లావుగా ఉంది. ఇలా ఇవ్వండి," అంది భార్య.

ఎనిమిది ఆమె చేతిలోంచీ జారింది. ఆమె "అమ్మో" అనలేదు.

పది కాస్త ఆగి, జారింది.

పన్నెండు చుట్టూ వేళ్లు నెమ్మదిగా, ఒక్కొక్కటే మూసుకున్నాయి. లాగింది. అవతలి కొసన కొట్టావిడ ఒక అడుగు ముందుకొచ్చింది. మళ్లీ లాగింది. ఇంకో అడుగు.

"చాలు వదినగారూ, నన్ను మీ ఇంటిదాకా లాక్కెళ్లేట్టున్నారు!"

ఆమె తాడు వదల్లేదు. తన పిడికిలినే చూసుకుంటూ ఉండిపోయింది.

"పన్నెండైతే మీ పాత కప్పీల్లో దూరదు," అంది కొట్టావిడ. "మూడు కప్పీలూ మార్చా..."

"మార్చేద్దాం," అన్నాడు భర్త.

భార్య చీటీలో ఎనిమిది కొట్టేసి, పన్నెండు రాసింది.

"పాపం, మీ చేతులు మరీ పాడైపోయాయి," అంది తలెత్తకుండా. "ఏం చేస్తాం."

"ఏం చేస్తాం," అన్నాడు.

"తమ్ముణ్ని ఒడ్డున నిలబడి చెయ్యూపమంటాను."

కారెక్కాక సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. మూత మీద చెయ్యి వేసి, కాసేపు ఆగింది. తర్వాత సీసాని అతని ఒళ్లో పెట్టింది.

"ఈ మూత కాస్త తిప్పి ఇవ్వండి," అంది.